మాటిచ్చిన మొహాలు

ఆ చలికాలం మా ఇంట్లో ఇద్దరం పోటీలో ఉన్నాం. మా ఆవిడ జ్యోతి ఊళ్లో వార్డు మెంబరుకు, నేను ఇంటర్నెట్టులో పెద్దమనిషి హోదాకు. ఆమెది వార్డు, నాది వర్డు. ఆమె గడప గడపకూ తిరుగుతుంటే నేను గడియ గడియకూ ఫోను తిప్పుతున్నాను. ఎవరు గెలిచారని అడక్కండి, కడుపు మండిపోతుంది. మండుతూనే చెబుతాను.

ఇస్నాపూర్ చౌరస్తాలో నాకో ఫ్లెక్సీల దుకాణం ఉంది. పుట్టినరోజు, పెళ్లిరోజు, పదవొచ్చిన రోజు, ప్రాణం పోయిన రోజు, మనిషి బతుకులో కర్రలకెక్కే ప్రతి రోజూ నా చేతి మీదుగానే ఎక్కాలి. దుకాణం బోర్డు మీద 'మీ మొహమే మా పెట్టుబడి' అని రాయించాను. జ్యోతి అది చదివి "అందుకే లాభం రాదు" అంది. సునీల్‌కుమార్ అనే నా పేరును ఆమె కోపంలో 'సున్నా కుమార్' అంటుంది. మా ఇంట్లో మాటలతో ఆడుకునేది నేనొక్కణ్నే అనుకోకండి.

కిందటేడు నుంచి ఏఐతో బొమ్మలు చేయడం పట్టుకున్నాను. పాస్‌పోర్టు ఫొటో ఇస్తే చాలు, మనిషిని పులి మీద కూర్చోబెడతాను. పులి ఇబ్బంది పడుతుంది గానీ మనిషి పడడు. ఇది చూసి మా అమ్మాయి నిషిత, ఉద్యోగస్తులంతా కోటేసుకుని కూర్చునే ఒక సైటులో నాకు ఖాతా తెరిచింది. తను తెల్లాపూర్‌లో ఉద్యోగం చేస్తుంది కాబట్టి కోటు మనుషుల సంగతి తనకు తెలుసు.

"డాడీ, నువ్వు చేసేదాన్ని వర్క్‌ఫ్లో అంటరు. ఒక్కో మెట్టు ఎట్ల చేసినవో రాసి పెట్టు. నేర్చుకునేటోళ్లు మస్తుమంది ఉన్నరు."

"నాకు వర్కు తక్కువ, ఫ్లో ఎక్కువ బిడ్డా."

"గదే పెట్టు. ఆడ అందరిదీ గంతే."

పెట్టాను. 'ఒక మసక ఫొటో, మూడు ప్రాంప్టులు, ఒక మహారాజు' అని మొదటి పోస్టు. ప్రాంప్టు అంటే ఏఐకి మనం రాసిచ్చే ఆజ్ఞ. ఇంట్లో నా ఆజ్ఞ వినేవాళ్లు లేరు కాబట్టి నాకది వెంటనే నచ్చింది. జనం వచ్చారు. బెంగళూరు వాళ్లు, పుణె వాళ్లు, ఏ ఊరో చెప్పకుండా 'కథకుడు' అని మాత్రమే రాసుకున్న వాళ్లు. వాళ్లలో స్టాన్లీ గారని ఒకాయన. బ్రాండ్లకు సలహాలిస్తాడు. తెల్లాపూర్‌లో ఆకాశానికి దగ్గరగా ఫ్లాటు. నేను ఏది పెట్టినా అందరికంటే ముందు ఆయనే రాసేవాడు: "ఎంతో లోతుగా ఉంది సునీల్ గారూ. మీ ప్రాసెస్ మన ఇండస్ట్రీకి ఒక పాఠం."

ఇండస్ట్రీ అంటే నాకు తెలిసింది పాశమైలారం ఫ్యాక్టరీ షెడ్లే. అయినా ఆ మాట చదివిన రోజు అన్నం రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

జ్యోతి గోల వేరు. మా ఊరు ఎర్రకుంటపల్లి. ఊరవతల మందులకు పొడులు చేసే కంపెనీ ఒకటి వచ్చాక మా వార్డు బోరులో నీళ్లు రంగు మారాయి. మొదట నిమ్మరసంలా ఉండేవి. తరవాత పసుపు కలిపినట్టయ్యాయి. తెల్లచొక్కా ఉతికితే పెళ్లికొడుకు చొక్కా అయ్యేది. నల్లా వచ్చిన రోజు బిందెలు నింపుకోవడం, రాని రోజు ఆ బోరునే వడగట్టుకోవడం. జ్యోతి మహిళా సంఘం లీడరు. కంపెనీ గేటు దాకా రెండుసార్లు పోయి వాచ్‌మన్‌ను చూసి వచ్చింది.

"మెంబరునైతే పంచాయతిల తీర్మానం జేపిచ్చి, ఆ కాగితం పట్టుకొని గేటు ముంగట నిలవడొచ్చు" అంది నామినేషన్ వేసిన రోజు. "ఇప్పుడు నిలవడితె వాచ్‌మన్ గూడ 'ఎవలమ్మా నువ్వు' అంటుండు."

ఆమెకు పోటీ పుష్ప. పుష్ప భర్త అదే కంపెనీలో లేబర్ కాంట్రాక్టరు. గుర్తులు కూడా వచ్చాయి, జ్యోతికి గ్యాస్ పొయ్యి, పుష్పకు గౌను. "గౌను పొయ్యి దగ్గరికొస్తే ఎవరికి ప్రమాదమో అందరికీ తెలుసు" అని నేను ఊరంతా వినేలా అరిచాను. ఎవరూ నవ్వలేదు. ఎన్నికలప్పుడు జనానికి హాస్యం పట్టదు.

ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. మా దగ్గర ఓటు కంటే ముందు ఫొటో అడుగుతారు. అభ్యర్థి ఫ్లెక్సీ మీద పెద్ద బొమ్మ కింద వరుసలుగా చిన్న మొహాలుంటాయి చూడండి, ఆ వరుసలోకి ఫొటో ఇచ్చారంటే మాటిచ్చినట్టే. దేవుడి ముందు ప్రమాణం చేసి తప్పినవాళ్లున్నారు. ఫ్లెక్సీ ఎక్కి తప్పినవాళ్లు మాత్రం లేరు. రోజూ చౌరస్తాలో ఎవరి మొహం వాళ్లను చూస్తూ ఉంటే ఎలా తప్పుతారు? అందుకే ఓటు అడిగితే నవ్వి తలూపేవాళ్లు, ఫొటో అడిగితే ఇంట్లో పొయ్యి మీద ఏదో మాడుతోందని లోపలికి పోతారు.

జ్యోతి ఆ ఫొటోల కోసం చెప్పులరిగేలా తిరిగింది. బాలప్ప ఇంటికి పోయినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. వార్డులో పెద్దాయన. ఒక కంట్లో పువ్వు. ఆయన మాటంటే మరో నాలుగిళ్ల మాట. గోడకానుకుని కూర్చుని గడ్డం గోక్కున్నాడు.

"పుష్ప గూడ ఒచ్చిపోయింది బిడ్డా. మా పెద్దోని కొలువు ఆమె మొగని చేతులున్నది."

"నీళ్లు ఎవల చేతులున్నయ్ పెద్దనాయినా?" అంది జ్యోతి.

బాలప్ప లేచాడు. లోపలికి పోయి ఆధార్ కార్డు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "గిండ్లకెల్లి తీస్కో. ఇగ మాటిచ్చిన. సూసెటోడు సూడని."

పక్కింటి మొగులమ్మకు ఫొటో అంటూ ఏదీ లేదు. జ్యోతే ఫోనులో తీసింది. నుదుట, గడ్డం మీద పచ్చబొట్లు; నోరు గట్టిగా మూసుకుని నిలబడింది.

"జెర నవ్వు అత్తా."

"ఓటుకెందుకే నవ్వుడు? నేనేమన్న పెండ్లికొస్తున్ననా?"

అలా ఒక్కో మొహం పోగైంది. మసకవి, వంకరవి, బస్‌పాసు మీంచి తీసినవి, ఒకటైతే గుంపు ఫొటోలోంచి కత్తిరించినది, భుజం మీద ఇంకెవరిదో చెయ్యి ఉంది. ఫోను నాకిస్తూ జ్యోతి ఒకే మాట అంది: "జర పైలంగ చెయ్యి. ఇవి ఫొటోలు గావు."

పైలంగానే చేశాను మరి! అదే కదా నా ఏడుపు.

ఆ ఆదివారం మధ్యాహ్నం దుకాణంలో కూర్చునేసరికి స్టాన్లీ గారి నుంచి సందేశం. "ఎన్నికల ప్రచారంలో జనరేటివ్ ఏఐ! గ్రాస్‌రూట్స్ కేస్ స్టడీ! మొత్తం ప్రాసెస్ రికార్డు చేసి పంచుకోండి సునీల్ గారూ, మా సర్కిల్ అంతా ఎదురుచూస్తుంది." గ్రాస్‌రూట్స్ అంటే గరికవేళ్లు. నా కీర్తి గరిక దాకా పాకిందన్నమాట. తెర రికార్డింగు పెట్టాను. గొంతు సవరించుకున్నాను. ప్రాంప్టు రాశాను: అందరికీ ఒకే వెలుతురు, తెల్లబట్టలు, మచ్చలేని చర్మం, ధీమాగా చిరునవ్వు, ఖాళీ లేకుండా నిండైన వరుసలు. ఒక్కో మాట ఎందుకు వాడానో రికార్డింగులో వివరిస్తూ పోయాను. వివరించడంలో పడి చూడటం మరిచాను. వంట చేస్తూ వంట గురించి ఉపన్యాసమిచ్చేవాడు ఉప్పు చూడడు.

బొమ్మ వచ్చింది. ఏం బొమ్మ! మా వార్డు మొత్తం పళ్లపొడి ప్రకటనలా మెరిసిపోయింది. జ్యోతి దుకాణం గుమ్మంలోంచే అడిగింది, ప్రచారానికి ఆటో ఆగి ఉంది.

"అందరొచ్చిన్రా?"

"ఒక్కరు గూడ తక్కువ కాలే."

తక్కువ కాలేదన్నది నిజమే. అక్కడే ప్రింటు కొట్టాను, పోస్టు కూడా కొట్టాను. రెండూ ఒకే సాయంత్రం లోకానికి విడుదలయ్యాయి, ఒకటి కోటు మనుషులకు, ఒకటి మా ఊరి చౌరస్తాకు.

పొద్దున ఫ్లెక్సీ కట్టగానే జనం చేరారు. మొదట వచ్చింది మొగులమ్మ. ఇటుపోయి చూసింది, అటుపోయి చూసింది.

"జ్యోతీ, నేనేడున్నే?"

జ్యోతి అప్పుడే మొదటిసారి తలెత్తి చూసింది. ఫొటోల క్రమం ఆమెకు తెలుసు. "రెండో వరుసల... గా సివరకు, అత్తా."

"గామెనా? గామెవలో టీవీల వార్తలు సదివే ఆమె లెక్కున్నది. నా పచ్చబొట్టేది?"

మచ్చలేని చర్మం అన్నాను కదా. ఏఐ పచ్చబొట్టును మచ్చనుకుంది.

"మాయమ్మ పొడిపిచ్చింది" అని మొగులమ్మ నావైపు తిరిగింది. "సచ్చినంక నాతోని మీదికొచ్చేది గదొక్కటే అంటరు. దాన్ని గూడ తుడిసినవా అల్లుడా?"

ఏదో ఒకటి అనబోయాను.  అంతలో బాలప్ప వచ్చి ముందు నిలబడ్డాడు. ఫ్లెక్సీ మీద ఆయనకు రెండు కళ్లూ తళతళలాడుతున్నాయి. నోటినిండా పళ్లు.

"రెండో కన్ను గూడ పెట్టినవ్ సునీలూ. సంతోషం. కని గది నేను గాదు."

"నువ్వే కాకా! జెర మెరుగైనవ్, గంతే."

"నేను మెరుగైంది నాకే తెల్వదా?"

ఎవరో పడీపడీ నవ్వారు. నవ్వుల మధ్యలోంచి ఇంకో గొంతు: "గీ సివరకున్న పిలగాడెవలు?"

అందరూ చివరి వరుస చివరికి చూశారు. కోరమీసం, తెల్లచొక్కా, అందరికంటే అందమైన నవ్వు. ఖాళీ లేకుండా నిండైన వరుసలు అన్నాను కదా, ఒక చోటు ఖాళీగా మిగిలితే ఏఐ తన సొంత మనిషిని పుట్టించి కూర్చోబెట్టింది. మా ఊళ్లో ఎవరూ కాడు. ఏ ఊళ్లోనూ ఎవరూ కాడు.

"జ్యోతి తమ్ముడు గావొచ్చు."

"నాకు తమ్ముడు లేడు" అంది జ్యోతి.

"మరి గా కొత్త ప్లాట్ల లేఅవుట్లకెల్లి తెచ్చిన్రా? బయటోళ్లతోని ఓట్లేపిస్తరా?"

"వాడు అసలు లేడయ్యా! ఏఐ పెట్టింది!" అని అరిచాను.

"లేనోన్ని పెట్టి ఉన్నోళ్లను తీసేసిందా? మంచి మిషనే."

ఇంత గొడవలోనూ జేబులో ఫోను బుర్రుబుర్రుమంటూనే ఉంది. తీసి చూడకుండా ఉండలేకపోయాను. 'మాస్టర్‌పీస్' అని స్టాన్లీ గారు. 'మొహాల మధ్య ఏకరూపత అమోఘం' అని పుణె. ఏకరూపతట! మొగులమ్మకూ బాలప్పకూ ఏకరూపత!

అప్పుడొచ్చింది పుష్ప. ఇద్దరు ఆడవాళ్లతో నిమ్మళంగా వచ్చి ఫ్లెక్సీని తలెత్తి పూర్తిగా చూసింది. ఒక్క మాట ఎక్కువ అనలేదు, ఒక్క మాట తక్కువా అనలేదు.

"బాలప్ప మామా. గీండ్ల నువ్వు లేవు గద?"

 బాలప్ప ఫ్లెక్సీ వైపు చూశాడు. ఉన్న కంటితో చాలాసేపు చూశాడు. ఆయన చూస్తున్నది ఆ బొమ్మను కాదని, కంపెనీ గేటు దగ్గర షిఫ్టు మారే తన పెద్దకొడుకునని నాకు తెలుసు. జ్యోతికీ తెలుసు.

"లేను" అన్నాడు మెల్లగా.

అందులో అబద్ధం ఎక్కడుంది చెప్పండి? ఆయన లేడు. మొగులమ్మా లేదు. ఒకరి తరవాత ఒకరు తమ మొహాన్ని వెతుక్కుని, లేదని తేల్చుకుని, తేలికపడి ఇంటికి పోయారు. చివరికి ఆ వరుసల్లో నికరంగా తనలాగే మిగిలినవాడు ఆ లేనివాడొక్కడే.

జ్యోతి ఇంటికి పోయి కొడవలి తెచ్చి తాళ్లు తనే కోసింది. ఫ్లెక్సీని మడిచి చంకన పెట్టుకుని నడిచింది. నేను వెనకాలే.

"అసలు ఫొటోలతోని మల్ల చేస్త. మసకవి మసకనే ఉంచుత, వంకరవి వంకరనే ఉంచుత. గంటల కొడ్త ప్రింటు."

"ఫొటోలున్నయయ్యా" అంది ఆగకుండా. "మాట ఏడున్నది? మల్ల అడగాలె."

మళ్లీ అడిగింది కూడా. బాలప్ప ఇంట్లో లేడని ఆయన భార్య చెప్పింది. ఆయన చెప్పులు గడప పక్కనే ఉన్నాయి. జ్యోతి ఆ చెప్పుల వంక చూసి, "ఒచ్చినంక చెప్పు పెద్దమ్మా, నేను కోపానికి రాలేదని" అని వచ్చేసింది. మిగతా ఇళ్లలో నవ్వి తలలూపారు. తలలూపడం దేనికి గుర్తో ముందే చెప్పాను.

మూడోనాటికి పుష్ప ఫ్లెక్సీ లేచింది. ముత్తంగిలో ఎవడో చేసిన పని.  తలలు గడ్డి కోసినట్టు కత్తిరించాడు. ఒకరికి చెవి లేదు, ఒకరి భుజం మీద ఇంకెవరిదో చెయ్యి అలాగే ఉంది, సగం మంది నీలంగా, సగం మంది ఎర్రగా ఉన్నారు. రెండో వరుసలో మొగులమ్మ, రూపాయి బిళ్లంత పచ్చబొట్టుతో, నోరు మూసుకుని. మొదటి వరుసలో బాలప్ప, కంట్లో పువ్వుతో సహా. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను, అంత చెత్త డిజైను చూడలేదు. జనం దాని ముందు ఆగి, వేలు పెట్టి చూపించుకుని, సంబరపడిపోయారు.

పోలింగు అయిన మధ్యాహ్నమే బడిలో లెక్కింపు. కిటికీ బయట నిలబడ్డాను. ఫలితం చెప్పాక పుష్ప వర్గం డప్పు కొట్టింది. ఎంత తేడా అంటారా? నాలుగిళ్ల తేడా. జ్యోతి బయటికొచ్చి, పుష్ప చెయ్యి పట్టుకుని ఏదో చెప్పి, నా దగ్గరకొచ్చింది.

"నడువు. ఆకలైతుంది."

తిట్టి ఉంటే నేనూ నాలుగు మాటలు అని ఉండేవాణ్ని. సున్నా కుమార్ అన్నా సంతోషించేవాణ్ని. అన్నం పెట్టింది. తిన్నాం. నిషిత పెరుగు వేస్తూ "డాడీ, ఇగ కొన్ని రోజులు పోస్టులు ఆపు" అంది. ఆపాను. స్టాన్లీ గారు మాత్రం ఆపలేదు: "కేస్ స్టడీ రెండో భాగం ఎప్పుడు? ఫలితాల మీద ప్రభావం ఎంత?" ప్రభావమా నాయనా, ప్రభావం ఫ్లెక్సీగా మా కట్టెల మోపు మీద కప్పి ఉంది, వచ్చి చూసుకో.

ఆ వచ్చే సోమవారం పొద్దున లేచేసరికి మా వాకిట్లో ఆడవాళ్ల గోల. చేతుల్లో బాటిళ్లు, చెంబులు. ముందు మొగులమ్మ. బోరులో నీళ్లు ఈసారి పసుపు దాటి తుప్పురంగులో పడుతున్నాయి, అడుగున మడ్డి, పైన నురగ.

నాకు ఒళ్లు మండింది. "గౌను మీద గుద్దిన్రు గద అత్తా! గౌనునే పోయి అడుగున్రి!"

"పుష్ప ప్రమాణం అయినంక సూస్తా అంటుంది. ఆమె మొగడు గదే గేటు కాడ బతుకుతుండు, ఏం సూస్తది?" మొగులమ్మ ఏ మాత్రం తడబడలేదు. "ఓటు ముచ్చట ఓటుది, నీళ్ల ముచ్చట నీళ్లది. నువ్వు జరుగు అల్లుడా, జ్యోతిని పిలువు."

జ్యోతి అప్పటికే జుట్టు ముడేసుకుంటూ బయటికొచ్చింది. ఒక బాటిల్ అందుకుని వెలుగుకెత్తి చూసింది. "ఇయ్యాల సోమారమే. సంగారెడ్డిల కలెక్టర్ ఆఫీసుల ప్రజావాణి ఉంటది, మన అర్జీ తీస్కుంటరు. నడువున్రి." ఆటో కోసం ఫోను చేసి, తరవాత నావైపు చూసింది. ఎన్నిక తరవాత ఆమె నాకు చెప్పిన మొదటి పని అది.

"ఫోన్ తీ. ఈ నీళ్లు ఎట్లున్నయో గట్లనే ఫొటో కొట్టు. నీ దిక్కు మస్తుమంది పెద్దపెద్దోళ్లున్నరు గద, ఆళ్లకు పెట్టు. ఏం ముట్టకు."

ఏం ముట్టలేదు. వెలుతురు సరిచేయలేదు. వెనక మొగులమ్మ వేళ్లు పడితే పడనిచ్చాను. 'ఎర్రకుంటపల్లి బోరు నీళ్లు, ఈ పొద్దున' అని మాత్రం రాసి పెట్టాను. నా జన్మలో శ్లేష లేకుండా రాసిన మొదటి వాక్యం అదే.

ఆటోలో జ్యోతి, ఆడవాళ్లు, బాటిళ్లు, వాటి మధ్య నేను. ఒక పెద్ద బాటిల్ నా మోకాళ్ల నడుమ. రుద్రారం దాటుతుండగా ఫోను మోగడం మొదలైంది. గబగబా తీశాను. ఆ కోటు మనుషుల్లో కంపెనీలవాళ్లున్నారు, పత్రికలవాళ్లున్నారు, ఒక్కరు కదిలినా చాలు.

స్టాన్లీ గారు అందరికంటే ముందున్నారు. "పునరాగమనం అదిరింది సునీల్ గారూ! ఆ తుప్పురంగు, అడుగున ఆ మడ్డి, వెనక ఆ ముసలి వేళ్లు! ఇంత సహజంగా ఎలా తెచ్చారు? ప్రాంప్ట్ పంచుకోగలరా?" కింద పుణె: "నురగ కొంచెం అతిగా ఉంది. నిజం నీళ్లు ఇలా ఉండవు."

'ఇది నిజం ఫొటో అండీ, ప్రాంప్టు లేదు' అని టైపు చేశాను. ఆటో కుదుపుకి రెండుసార్లు తప్పుపడింది, దిద్ది పంపాను. జవాబు వెంటనే వచ్చింది. "హహ! రహస్యం చెప్పరన్నమాట!" దాని కింద నవ్వుతున్న మొహాలు, వరుసగా.

మొగులమ్మ నా భుజం మీంచి ఫోనులోకి తొంగి చూసింది. "ఏమంటున్నరు నీ పెద్దోళ్లు?"

"ఎట్ల జేసినవ్ అని అడుగుతున్నరు, అత్తా."

"మనమేడ జేసినం?" మొగులమ్మ పైటకొంగు ముక్కుకడ్డం పెట్టుకుని బాటిల్ మూత గట్టిగా బిగించింది. "కంపెనోడు జేసిండు. ఆన్ని అడగమను."